కఫీల్ ట్రక్కుకి ఏ క్యామ్ వెయ్యాలన్నా?

ప్రశ్న: అన్నా, మాది ఉదయగిరి దగ్గర పల్లె. ఆరేళ్లుగా కువైట్‌లో గ్యారేజీలో పని చేస్తున్నా. మా కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, 1985 షెవర్లే ట్రక్కు ఉంది. 350 ఇంజన్, కార్బొరేటర్, నాలుగు గేర్ల ఆటోమేటిక్, ఏసీ ఉంది. వఫ్రాలో తోటకి దాణా బస్తాలు, నీళ్ల డ్రమ్ములు అందులోనే తోలతాం. కొన్నాళ్లుగా టకటకమని శబ్దం, మిస్సింగ్. విప్పి చూస్తే వాల్వ్‌లని తెరిచే క్యామ్ షాఫ్ట్ మీద రెండు లోబ్‌లు (ఉబ్బెత్తు భాగాలు) అరిగిపోయి ఉన్నాయి. బోరు బాగానే ఉంది. కేటలాగ్‌లో మూడు క్యామ్‌లు చూశా: 195/202 అని కంపెనీది, తర్వాత 204/214, దానికంటే పెద్దది 224/230. కఫీల్ కొడుకు పెద్దదే వెయ్యమంటున్నాడు, వీడియోల్లో లాగా గుడగుడమని శబ్దం రావాలంట. కఫీల్ మాత్రం బండి లాగాలి, దారిలో ఆగకూడదు, అంతే అంటున్నాడు. ఏది తెప్పించమంటావు? ఆ లోబ్‌ల మీద ఆనే పాత లిఫ్టర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, అవే వాడొచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. 204/214 తెప్పించు. 224/230 మాట మర్చిపో. పాత లిఫ్టర్లు మాత్రం ఒక్కటి కూడా మళ్లీ పెట్టొద్దు.

నెల్లూరు ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకోకముందు నేనూ 14 ఏళ్లు కువైట్‌లోనే షువైఖ్‌లో పని చేశా. ఈ 350 ఇంజన్లు ఎన్ని విప్పానో లెక్క లేదు. అందుకే నీ ఉత్తరం చదవగానే ఆ పెట్రోలు వాసన, ఆ ఎండలో కాలిపోయే బానెట్ రేకు అన్నీ గుర్తుకొచ్చాయి. నీ ప్రశ్న చిన్నదే గానీ దీన్ని తప్పు చేసినవాళ్లను చాలామందిని చూశా, వాళ్లలో నేనూ ఒకణ్ణి, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

క్యామ్ విషయంలో నేను నమ్మేది ఒక్కటే. ఇంజన్ రోజంతా ఏ ఆర్పీఎంలో, అంటే నిమిషానికి ఎన్ని చుట్ల మీద బతుకుతుందో చూసి దానికి తగ్గది వెయ్యాలి. నెలకోసారి ఎవడో యాక్సిలరేటర్ అదిమితే ఎంత పైకి పోతుందన్నది చూసి కాదు.

ఆ అంకెలు నీకు తెలిసే ఉంటాయి, చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా. లిఫ్టర్ 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు పైకి లేచిన దగ్గర్నుంచి మళ్లీ అదే ఎత్తుకి దిగేదాకా క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగింది అన్నదే ఆ లెక్క. ముందు అంకె ఇన్లెట్ వాల్వ్‌ది, వెనక అంకె ఎగ్జాస్ట్‌ది. అంకె పెరిగేకొద్దీ వాల్వ్ అంత ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఎక్కువసేపు తెరిస్తే ఎక్కువ గాలి, ఎక్కువ గాలి అయితే ఎక్కువ బలం అని అందరూ అనుకునేది ఇక్కడే, పొరపాటు పడేదీ ఇక్కడే.

పిస్టన్ కిందికి పోయి మళ్లీ పైకి రావడం మొదలుపెట్టాక కూడా ఇన్లెట్ వాల్వ్ కొంతసేపు తెరిచే ఉంటుంది. ఇంజన్ 4500 మీద తిరుగుతుంటే మానిఫోల్డ్‌లో వచ్చే గాలికి మంచి ఊపు ఉంటుంది, పిస్టన్ ఎదురొస్తున్నా అది తోసుకుని లోపలికి దూరుతుంది, అప్పుడు వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటే లాభమే. అదే 1500 మీద గాలికి ఆ ఊపు ఎక్కడిది? పీల్చిన దాంట్లో కొంత పిస్టన్ మళ్లీ వెనక్కి మానిఫోల్డ్‌లోకే నెట్టేస్తుంది. సిలిండర్‌లో మిగిలింది తక్కువ, నొక్కేది తక్కువ, మంటలో బలమూ తక్కువే. మీ ఇంజన్ కంప్రెషన్ అసలే 8 చిల్లర. ఆ కాలం ట్రక్కు ఇంజన్లన్నీ అంతే, హెడ్‌లో పెద్ద చాంబరు, గుంట ఉన్న పిస్టన్లు. అంత తక్కువ కంప్రెషన్ మీద 224 పెట్టావంటే ఉన్న కాస్త నొక్కుడూ పోతుంది. రేస్ బళ్లలో ఆ క్యామ్ బాగా పని చేస్తుంది కదా అంటే, వాళ్లు దానికి తగ్గట్టు కంప్రెషన్ 10 దాకా పెంచుకుంటారు, వెనక గేరు మారుస్తారు, టార్క్ కన్వర్టర్ మారుస్తారు, మొత్తం కలిపి ఒక జతగా కడతారు. అందులోంచి క్యామ్ ఒక్కటే తీసుకొచ్చి దాణా బండిలో పెడితే అతకదు.

మన ఒంగోలు వైపు గిత్తల బండ లాగుడు పోటీలు చూశావు కదా. ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగాయన్నదే అక్కడ లెక్క. ఆగిన బండని మొదట కదిలించేటప్పుడు ఆ గిత్తలు కాళ్లు భూమిలోకి దిగేసి, మెడ వంచి, ఒళ్లంతా బిగబట్టి లాగుతాయి చూడు, బండికి కావాల్సిన బలం సరిగ్గా అదీ. పరుగులో ఎంత వేగంగా పోతాయన్నది అక్కడ ఎవరూ అడగరు. మీ ట్రక్కు కూడా డ్రమ్ముల నిండా నీళ్లతో ఇసక దారిలో ఆగి మళ్లీ కదలాలి. ఆ పని జరిగేది 1200 నుంచి 2500 మధ్యలో. 224/230 క్యామ్ 2000 దాటితే గానీ నిద్ర లేవదు.

ఇదంతా నా మాట మీద నమ్మాల్సిన పని లేదు, నువ్వే కొలుచుకోవచ్చు. వెనక టైరు మీద కింద నేలకి తగిలే చోట సుద్దముక్కతో గీత గియ్యి, నేల మీద కూడా సరిగ్గా దాని కింద ఇంకో గీత. బండిని తిన్నగా ముందుకి తోయించు, టైరు మీద గీత మళ్లీ నేలకి తగిలిన చోట గుర్తు పెట్టు. రెండు గుర్తుల మధ్య టేపుతో కొలువు. ఆ సైజు ట్రక్కు టైరుకి దాదాపు 2.27 మీటర్లు వస్తుంది. గంటకి 100 కిలోమీటర్లంటే నిమిషానికి 1667 మీటర్లు. దాన్ని 2.27తో భాగిస్తే చక్రం నిమిషానికి సుమారు 734 చుట్లు తిరుగుతుంది.

ఇప్పుడు వెనక హౌసింగ్‌లో గేర్ నిష్పత్తి ఎంతో తెలియాలి. ఆ బళ్లకి 2.73, 3.08, 3.42, 3.73 ఇలా రకరకాలుగా వచ్చాయి, ఏది ఉందో పైకి చూస్తే తెలియదు. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, వెనక ఒక చక్రం మాత్రమే జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, లేచిన చక్రాన్ని చేత్తో నిండుగా రెండు చుట్లు తిప్పు. నీ పక్కన ఇంకొకణ్ణి కూర్చోబెట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టించు. మూడు చుట్లు దాటి కొద్దిగా వస్తే 3.08, మూడు ముప్పావుకి కాస్త తక్కువైతే 3.73. మామూలు డిఫరెన్షియల్‌కే ఈ లెక్క, లాకర్ ఉన్నదైతే రెండు చక్రాలూ లేపి ఒక్క చుట్టే తిప్పాలి.

3.08 వచ్చిందనుకో. 734ని 3.08తో హెచ్చిస్తే 2261. మూడో గేరులో ఇంజన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకటికి ఒకటిగా తిరుగుతాయి, అంటే ఆ గేరులో 100 మీద పోతుంటే ఇంజన్ 2261 ఆర్పీఎంలో ఉంటుంది. నాలుగో గేరు ఓవర్‌డ్రైవ్, 700 ఆర్ 4 గేర్‌బాక్స్ అయితే అది 0.70, అంటే సుమారు 1580. తమ్ముడూ, ఈ అంకెని కఫీల్ కొడుక్కి కాగితం మీద రాసి చూపించు. హైవే మీద 100లో పోతున్నా ఇంజన్ 1580లో ఉంటే, 2000 తర్వాత మేలుకునే క్యామ్ దారి పొడుగునా నిద్రపోతూనే ఉంటుంది. వాడు డబ్బు పెట్టి కొన్న బలం వాడికి ఎప్పుడు అందుతుంది? పెట్రోలు మాత్రం తాగుతూనే ఉంటుంది.

కొలిస్తే 2.73 వచ్చిందనుకో, అప్పుడు మూడో గేరులో కూడా 100 మీద 2000 దగ్గరే ఉంటుంది. అలాంటి బండికి నేనైతే 195/202 కంపెనీ క్యామే వేస్తా, 204 కూడా వద్దు. 3.08 గానీ అంతకంటే పైన గానీ ఉంటే 204/214 బాగా కుదురుతుంది, కింద లాగుడు తగ్గదు, మధ్యలో 2500 నుంచి 4000 దాకా పాత క్యామ్ కంటే బాగా ఊపిరి తీసుకుంటుంది. కఫీల్‌కి ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా పాదం కింద తెలుస్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. షువైఖ్‌లో మూడో ఏడు. ఒక జీఎంసీ ట్రక్కు, ఇదే 350 ఇంజన్. కుర్రాడు శబ్దం కావాలన్నాడు, నేనూ కుర్రాణ్ణే, 230 దగ్గర ఉండే క్యామ్ వేశా. స్టార్ట్ చేస్తే బండి మొత్తం ఊగింది, అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు, నాకు చాలా గర్వంగా అనిపించింది. పది రోజులకి ఆ కుర్రాడి తండ్రి బండి తోలుకుని వచ్చాడు. ఒక్క మాట కూడా అరవలేదు. బండి ఎక్కి బ్రేకు తొక్కి చూడమన్నాడు. తొక్కా. రాయి మీద కాలు పెట్టినట్టుంది. రెండుసార్లు తొక్కేసరికి పెడల్ బిగుసుకుపోయింది. సిగ్నల్ దగ్గర బండి ఆగక ముందున్న కారుని అంగుళంలో తప్పించాడంట, వెనక సీట్లో ఇద్దరు చిన్నపిల్లలు. వాక్యూమ్ గేజ్ పెట్టి చూస్తే ఐడ్లింగ్‌లో 10 అంగుళాలే ఉంది. పాత క్యామ్ ఉన్నప్పుడు 18 ఉండేది. బ్రేక్ బూస్టర్ పని చేసేదే ఇంజన్ పీల్చే ఆ వాక్యూమ్‌తో, 15, 16 అంగుళాలైనా లేకపోతే బూస్టర్ సాయం బాగా తగ్గిపోతుంది. వాల్వ్‌లు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరిగితే వాక్యూమ్ పడిపోతుందని నాకు పుస్తకంలో తెలుసు, చేతిలో తెలియలేదు. ఆ గుడగుడ శబ్దం కూడా ఆ ఓవర్‌ల్యాప్ వల్లే, కాలిపోయిన పొగ మళ్లీ లోపలికి వచ్చి మంట సరిగ్గా అంటుకోక వచ్చేదే. మర్నాడే మానిఫోల్డ్ విప్పి కంపెనీ క్యామ్ వేసి ఇచ్చా, కూలి తీసుకోలేదు. ఆ పిల్లల సంగతి తల్చుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

అందుకే ఆ అబ్బాయి శబ్దం అడిగితే కోప్పడకు, ఆ వయసులో ఎవరికైనా ఆశ ఉంటుంది. వాళ్ల నాన్న నడిపే బండి బ్రేకు సంగతి చెప్పు, అర్థం చేసుకుంటాడు. శబ్దమే కావాలంటే మంచి సైలెన్సర్ వేయించు, దానివల్ల బ్రేకు పోదు.

ఏసీ సంగతి కూడా ఆలోచించు. అక్కడ జులైలో ఎండ 50 డిగ్రీలకి పోతుంది, ఏసీ లేకుండా ఎవరూ బండి తియ్యరు. గేరులో ఉండి, ఏసీ కంప్రెసర్ పట్టుకుని, సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్న ఇంజన్ 650 మీద నిలకడగా తిరగాలి. పెద్ద క్యామ్ అయితే అక్కడ ఆగిపోతుంది, ఆగకూడదని ఐడ్లింగ్ 950కి పెంచుతావు, పెంచితే గేరు పడ్డప్పుడల్లా బండి ధడేల్‌మని ముందుకు దూకుతుంది, వేడీ పెరుగుతుంది.

కేటలాగ్‌లో ఇంకో రెండు అంకెలుంటాయి, అవీ చూసుకో. లోబ్ సెపరేషన్, అంటే ఇన్లెట్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం, 112 ఉన్నది తీసుకో, 108, 110 వద్దు. ఆ అంకె తగ్గేకొద్దీ ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది. లిఫ్ట్ ఇన్లెట్‌కి 0.420, ఎగ్జాస్ట్‌కి 0.443 అంగుళాల దగ్గర ఉంటే కంపెనీ సైజు స్ప్రింగులే చాలు. కొత్తవి వేసుకో గానీ, 40 ఏళ్ల నాటి స్ప్రింగుల్ని నమ్మొద్దు. 0.450 దాటితే స్ప్రింగు పైనుండే రిటైనర్ కిందికి దిగి గైడ్ సీలుని కొట్టే ప్రమాదం ఉంది, హెడ్ లేత్‌కి పంపాలి, ఖర్చు అక్కడే మొదలవుతుంది. 224/230కి 0.480 దాకా ఉంటుంది. పెట్రోలు మామూలు 91 చాలు.

లిఫ్టర్ల సంగతికి వస్తా. మనం ఇక్కడ టాపెట్ అంటాం, అక్కడ లిఫ్టర్ అంటారు. నీకు అవి బాగున్నట్టు కనపడటం సహజమే, ఎందుకంటే వాటి అడుగు చదునుగా ఉన్నట్టు ఉంటుంది. నిజానికి కొత్త లిఫ్టర్ అడుగు కొద్దిగా ఉబ్బి ఉంటుంది, కంటికి కనపడనంత. రెండు కొత్త లిఫ్టర్లని అడుగులు కలిపి పట్టుకుని వెలుతురుకి ఎదురుగా చూడు, అంచుల దగ్గర సన్నని సందు కనిపిస్తుంది, అటూ ఇటూ ఊగుతాయి. నీ పాతవి అలా పట్టుకో, అతుక్కుపోతాయి, లేదా మధ్యలో గుంట పడి వెలుతురు నడిమిలోంచి వస్తుంది. క్యామ్ లోబ్‌కి కూడా ఒక పక్కకి కొద్దిగా వాలు ఉంటుంది. ఆ ఉబ్బు, ఈ వాలు కలిస్తేనే లిఫ్టర్ తన చోట తాను గిర్రున తిరుగుతుంది. తిరిగితేనే అరుగుదల ఒకే చోట పడదు. పాత లిఫ్టర్‌ని కొత్త క్యామ్ మీద పెడితే అది తిరగదు, ఒకే చోట గీకుతుంది, ఒక్క రోజులో లోబ్ గుండ్రంగా అయిపోతుంది. కొత్త క్యామ్‌కి 16 లిఫ్టర్లూ కొత్తవే, ఇందులో బేరం లేదు.

పాత క్యామ్ గ్రైండింగ్ చేయించుకుంటే చవక కదా అని ఎవరైనా చెప్పినా వినకు. పోయిన ఎండాకాలం ముత్తుకూరు వైపు నుంచి ఒక 407 వచ్చింది, రొయ్యల మేత తోలే బండి. ఆర్నెల్ల కిందట ఎక్కడో లేత్‌లో క్యామ్ గ్రైండింగ్ చేయించి వేశారంట. లాగడం లేదు, తెల్లవారి స్టార్ట్ అవ్వడం లేదు. రాకర్ కవర్ తీస్తే ఒక టాపెట్ స్క్రూ చివరి మర దాకా దిగిపోయి ఉంది. క్యామ్ బయటికి తీసి లోబ్ ముక్కు మీద వేలు పెట్టి తడిమా, గోరుకి మెట్టులాగా తగిలింది. పైన ఉండే గట్టి పొరని లేత్‌లోనే రాసేశారు, కింద మెత్తటి ఇనుము మిగిలింది, టాపెట్ దాన్ని తినేసింది. ఆ ఓనరుకి రెండుసార్లు ఖర్చు, సీజన్‌లో పది రోజులు బండి నిలబడిపోయింది, మేత వేరే బండిలో తోలించుకున్నాడు.

ఇది చదివి మన జిల్లాలో డీజిల్ బండి ఉన్నవాళ్లు ఎవరైనా పెద్ద క్యామ్ వేద్దామనుకుంటే, దయచేసి ఆ పని చెయ్యొద్దు. పెట్రోలు ఇంజన్ వేరు, డీజిల్ వేరు. డీజిల్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌కీ దానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరు అటూ ఇటూ, వాల్వ్ కొంచెం ముందు తెరిచినా, ఆలస్యంగా మూసినా పిస్టన్ వచ్చి కొడుతుంది, వాల్వ్ వంగిపోతుంది. పైగా డీజిల్ అంటుకునేదే నొక్కుడు వేడికి. ఇన్లెట్ ఆలస్యంగా మూస్తే ఆ వేడి రాదు, పొద్దున్నే తెల్ల పొగ, బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టడం. కంపెనీ క్యామ్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు.

సరే, నీ ఇంజన్‌కి వద్దాం. రెండు లోబ్‌లు అరిగాయి అన్నావు కదా, ఆ ఇనప పొడి అంతా ఎక్కడికి పోయింది? ఆయిల్‌లోనే తిరుగుతోంది. ఇంజన్ కింద ఉండే ఆయిల్ చాంబరు విప్పకుండా క్యామ్ మార్చి మూసేస్తే కొత్త క్యామ్‌ని, బేరింగుల్ని ఆ పొడే తినేస్తుంది. చాంబరు దించి, స్ట్రెయినర్ తీసి కడుగు, ఒకటి రెండు మెయిన్ బేరింగులు విప్పి చూడు, గీతలు పడి ఉంటే మొత్తం మార్చు. ఆ స్ట్రెయినర్‌లో ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే ఆశ్చర్యపోకు. ఆ కాలం ఇంజన్లలో చాలావాటికి క్యామ్ స్ప్రాకెట్ పళ్లకి నైలాన్ ఉండేది, వయసుకి పగిలి రాలుతుంది. టైమింగ్ చైన్ కూడా సాగి ఉంటుంది, సాగితే క్యామ్ వెనకబడి కింద లాగుడు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఇనప పళ్ల డబుల్ రోలర్ చైన్ సెట్టు కొత్తది వెయ్యి. ఇలాంటి లాగుడు క్యామ్‌లకి చాలావాటికి 4 డిగ్రీలు ముందుకి జరిపే గ్రైండ్ చేసి ఇస్తారు, క్యామ్‌తో వచ్చే కార్డు మీద ఉంటుంది చూసుకో. అలా ఉంటే రెండు స్ప్రాకెట్ల మీదా గుర్తుకి పెట్టిన చుక్కల్ని, చుక్కకి చుక్క తిన్నగా కలిపి బిగించు చాలు, నీ తరఫున ఇంకా ముందుకి జరపొద్దు.

చుక్కల దగ్గర ఒక విషయం, ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. పై స్ప్రాకెట్ చుక్క కిందికి, కింది స్ప్రాకెట్ చుక్క పైకి, రెండూ ఎదురెదురుగా వచ్చినప్పుడు ఫైరింగ్‌లో ఉండేది ఒకటో సిలిండర్ కాదు, ఆరోది. ఒకటోది అనుకుని డిస్ట్రిబ్యూటర్ దించితే ఇంజన్ స్టార్ట్ అవ్వదు, కార్బొరేటర్‌లోంచి మంట కొడుతుంది, నువ్వేమో సెల్ఫ్ కొడుతూనే ఉంటావు. క్రాంక్‌ని ఇంకో నిండు చుట్టు తిప్పి అప్పుడు ఒకటో సిలిండర్‌కి డిస్ట్రిబ్యూటర్ పెట్టుకో. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, నీకు తెలిసిందే. మామూలు పనిలో ఈ పొరపాటు చేస్తే అరగంట పోతుంది. కొత్త క్యామ్ మీద చేస్తే క్యామే పోతుంది.

ఎందుకంటే ఈ రకం క్యామ్‌కి మొదటి అరగంటే ప్రాణం. లోబ్‌కీ లిఫ్టర్‌కీ మధ్య ఆయిల్ పంపుతో నేరుగా రాదు, క్రాంక్ తిరిగేటప్పుడు చిమ్మిన ఆయిలే దానికి ఆధారం. ఐడ్లింగ్‌లో క్రాంక్ చాలినంత చిమ్మదు, పైగా లోబ్ ముక్కు మీద స్ప్రింగు బరువు ఎక్కువ పడేదీ నెమ్మదిగా తిరిగేటప్పుడే. అందుకే సెల్ఫ్ మీద ఊరికే తిప్పకూడదు, స్టార్ట్ అయ్యాక ఐడ్లింగ్‌లో వదలకూడదు. లోబ్‌లకి, లిఫ్టర్ల అడుగులకి క్యామ్‌తో వచ్చే నల్లటి మోలీ పేస్ట్ బాగా పట్టించు. కొత్త భాగాలు కుదురుకునేదాకా వాడే బ్రేక్ ఇన్ ఆయిల్ అని జింకు, ఫాస్ఫరస్ ఎక్కువ ఉన్నది విడిగా దొరుకుతుంది, అదే పొయ్యి. ఇప్పటి పెట్రోలు కార్ల ఆయిళ్లలో సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా అవి తగ్గించేశారు, ఆ ఆయిల్ ఈ పాత ఇంజన్‌కి మొదట్లో పనికిరాదు.

డిస్ట్రిబ్యూటర్ పెట్టకముందు ఆయిల్ పంపుని తిప్పాలి. ఒక పాత డిస్ట్రిబ్యూటర్ దొరికితే కింద పళ్ల చక్రం తీసేసి, పై షాఫ్ట్‌ని డ్రిల్ మెషిన్‌కి పట్టించి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పు. మొదట తేలిగ్గా తిరుగుతుంది, కాసేపటికి డ్రిల్ బరువెక్కి చెయ్యి మెలితిప్పినట్టు అవుతుంది, అప్పుడు ఆయిల్ అందిందని అర్థం. రాకర్లన్నిటి దగ్గరా ఆయిల్ ఊరేదాకా తిప్పు, మధ్యలో క్రాంక్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ. వాల్వ్‌లు సెట్ చేసేటప్పుడు పుష్ రాడ్‌ని రెండు వేళ్లతో పైకీ కిందికీ ఆడిస్తూ నట్టు బిగించు, ఆట పోయిన చోటు నుంచి అర చుట్టు, మహా అయితే ముప్పావు, అంతకుమించి వద్దు.

కార్బొరేటర్ గిన్నెలో ముందే పెట్రోలు నింపు. రేడియేటర్ నిండుగా, ముందర ఒక పెద్ద ఫ్యాను. పక్కన ఒక మనిషి టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ చూస్తూ ఉండాలి. స్టార్ట్ అయిన క్షణంలోనే 2000కి తీసుకుపో, 2000కీ 2500కీ మధ్య పైకీ కిందికీ మారుస్తూ 25 నిమిషాలు ఉంచు. రాకర్ కవర్ ఒకటి తీసి ఒక్క నిమిషం చూడు, ఆయిల్ చిమ్ముతుంది, గుడ్డ అడ్డం పెట్టుకో. పుష్ రాడ్‌లు నిలబడ్డ చోటే మెల్లగా తిరుగుతూ ఉండాలి. ఏదైనా తిరగకపోతే వెంటనే ఆపి ఆ లిఫ్టర్ తీసి చూడు. ఇంకేదైనా తేడా వచ్చినా ఐడ్లింగ్‌కి తేవద్దు, ఆఫ్ చేసెయ్యి, సరిచేసుకుని మళ్లీ నేరుగా 2000కే తీసుకుపో.

ఈ పని రాత్రి పూట పెట్టుకో, పగలు ఆ ఎండలో 25 నిమిషాలు నిలబెట్టి తిప్పితే ఇంజన్ వేడెక్కి నువ్వే కంగారుపడి ఆపేస్తావు. అయ్యాక వేడి మీదే ఆయిల్ దించి, ఫిల్టర్ డబ్బా కోసి, లోపలి కాగితాన్ని న్యూస్‌పేపర్ మీద పరిచి రాత్రంతా వదిలెయ్యి, ఆయిల్ పీల్చుకుంటుంది. పొద్దున ఎండలో పట్టుకుని అటూ ఇటూ వంచి చూడు. బూడిద రంగు మురికి ఉంటే భయం లేదు, అది పేస్టుదే. కాగితం మీద రవ్వలు తళుక్కుమంటే మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు, మానిఫోల్డ్ విప్పాల్సిందే. ఏమీ మెరవకపోతే కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, డ్రమ్ములు ఎక్కించకుండా ఖాళీ బండితో ఒకసారి వఫ్రా దాకా పోయిరా, వచ్చాక వాక్యూమ్ ఎంత ఉందో, వెనక గేరు ఎంత వచ్చిందో నాకు రాయి.